బిలస్వర్గం ఎముకలు

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వైపు దిగితే అంతా నిన్నమొన్నటి ఒండ్రుమట్టే. పాతకాలపు జంతువుల ఆనవాళ్లు కావాలంటే సీమకు వెళ్లాలి. మన బడిపిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే మాస్టార్లకు నా మనవి: బెలూం గుహలతో ఆగకండి, బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహలూ చూపించండి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడి మట్టి తవ్వి ఎముకలూ పళ్లూ వెలికితీశారు. అందులో ఒక ఖడ్గమృగానికి శిలాజాల శాస్త్రవేత్త లైడెక్కర్ కర్నూలు పేరే పెట్టాడు. 2014 నాటి పరిశోధన మరీ గొప్పది. అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో, 2 లక్షల ఏళ్లలో, పూర్తిగా అంతరించింది ఒక్కటే: ఇథియోపియాలోని గెలాడా కోతికి దగ్గరి చుట్టం. అమెరికాలో మామత్‌లు తుడిచిపెట్టుకుపోయినా మన జంతువులు నిలదొక్కుకున్నాయి. ఆ ఎముకల నమూనాలు విజయవాడ బాపు మ్యూజియంలో పెట్టి తీరాలి, గుహల్లో మిగిలిన మట్టిని ఎవరూ తవ్వకుండా కాపలా పెట్టాలి.