మూడేళ్లంటే ఎన్ని రోజులు?

రెండు తేదీల మధ్య తేడా కనుక్కోవడం అతి సులువైన పని అని చాలాకాలం నమ్మాను. పీహెచ్‌పీలో రెండు పంక్తుల పని. ఆ రెండు పంక్తులే 2018లో మా మామ సొమ్మును నీళ్లలో కలపబోయాయి.

మామది ఆళ్లగడ్డ. నేను నంద్యాలలో ఉంటూ సరదాకి జాలపుటలు కట్టేవాణ్ణి. ప్రోనోటు రాసిన తేదీ ఇస్తే, దావా వేయడానికి ఇంకా ఎన్ని రోజుల గడువుందో చెప్పే పుట ఒకటి తయారుచేశాను. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు చెల్లించవలసిన ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి గడువు మూడేళ్లు. ఈలోగా జమ గానీ, అప్పు ఉన్నట్టు రాతపూర్వకమైన ఒప్పుకోలు గానీ లేకపోతే నోటుకు కాలదోషం పడుతుంది. బాకీ నిజమే అయినా ఆ కాగితం కోర్టులో నిలవదు.

మామ నోటు తేదీ 2015 జులై 10. ఆయన దాన్ని మడతపెట్టి జేబులో ఉంచుకుని 2018 జులై 10 పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. నా పుట 'గడువు దాటి ఒక రోజు' అని చూపింది. "అయితే పోయినట్టేనా నాయనా?" అన్నాడు. నేను తలవంచుకున్నాను.

మా వీధిలోని వకీలు గారు కంప్యూటరు చూడనే లేదు. "నోటు రాసిన రోజును లెక్కలోకి తీసుకోరు. ఇవాళే ఆఖరి రోజు, లేవండి" అన్నారు. కోర్టు వేళ ముగిసేలోగా ఆళ్లగడ్డలో దావా దాఖలయింది.

నేను చేసిన తప్పు ఇది: మూడేళ్లను మూడు 365లుగా, అంటే 1095 రోజులుగా రాసుకున్నాను. నడుమ 2016 ఫిబ్రవరి 29 వచ్చింది కనుక అసలు రోజులు 1096. భాష తీసివేత సరిగానే చేసింది. గడువు సంవత్సరాలలో ఉంటే నేను రోజులలో అడిగాను.

ఇంతకీ 'తేడా' అన్నది ఒకటి కాదని నా అభిప్రాయం. పుట్టిన రోజును ఒకటిగా పెట్టుకుని ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తాం. యంత్రం లెక్కలో ఆ తేడా ఇరవయ్యే. చట్టం మొదటి రోజును వదిలేస్తుంది. లోకంలో ఇన్ని లెక్కలుంటే, మనం ఒక్క తీసివేతతో సరిపెడుతున్నాం.

పీహెచ్‌పీ 5.3తో 2009లో తేదీల తేడాకు ప్రత్యేక సాధనం వచ్చింది. మామ నోటు తేదీలను ఇస్తే మూడేళ్లు, సున్నా నెలలు, సున్నా రోజులు అని ఒకచోట, మొత్తం 1096 రోజులు అని మరొకచోట చెబుతుంది. మొదటి చోటి 'రోజులు' మాత్రమే చదివినవాడు సున్నా చూసి కంగారుపడతాడు. జావాస్క్రిప్టులో నెలలు సున్నాతో మొదలవుతాయి; జులై ఏడు కాదు, ఆరు. పైగా అడ్డగీతలతో, సంవత్సరం ముందు పెట్టి రాసిన తేదీని అది గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అప్పటికి నంద్యాలలో ఉదయం అయిదున్నర. సర్వరు అమెరికా పడమటి తీరపు కాలంలో నడుస్తుంటే, మన ఉదయమంతా దానికి నిన్నటి తేదీయే. అక్కడ వేసవి కాలమానం మొదలైన నాడు రోజుకు 23 గంటలే కనుక, 86,400 సెకన్లతో భాగించే అలవాటు కూడా దెబ్బతింటుంది.

ఇవన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. దిద్దలేనిది ఒకటుంది. 2016 ఫిబ్రవరి 29న రాసిన నోటుకు మూడేళ్లు కలపమంటే పీహెచ్‌పీ తడుముకోకుండా 2019 మార్చి 1 అంటుంది. గడువు ఫిబ్రవరి 28తో తీరిందా, మరునాటి దాకా ఉందా అన్నది న్యాయశాస్త్రం తేల్చవలసిన మాట. అంత ధీమాగా చెప్పే జవాబును జనం నమ్ముతారు. నమ్మకం పెట్టుకున్నవాడి సొమ్ము పోతే పంక్తులు రాసినవాడికి బాధ్యత లేదా?

ఉందనే నేనంటాను. ఆ తరువాత నా పుటను మార్చాను. ఇప్పుడది మిగిలిన రోజులు చెప్పదు. నోటు తేదీనీ, ఆఖరి తేదీనీ పక్కపక్కన చూపి, వకీలును అడగమంటుంది. గోడ మీది క్యాలెండరుతో సరిచూసుకునే వీలు మామలాంటివారికి ఉండాలి కదా. ఆ రోజు మమ్మల్ని కాపాడిందీ ఆ క్యాలెండరు లెక్కే.