శాలువాలకు సరిపడే పరిశోధన

మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు పెడుతున్న పోటీలు పరిశోధనను చెడగొడుతున్నాయి. ఇంతకన్నా మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. బెస్ట్ పేపర్ అనండి, ఉత్తమ డాక్టోరల్ పురస్కారం అనండి, ముందే అనుకున్న జవాబుకు ముస్తాబు చేసి తెచ్చినవాడికే దండ పడుతోంది.

మన దగ్గర ఈ తంతు ఎలా పెరిగిందో చూడండి. థీసిస్ ఇచ్చేలోపు స్కాలర్ ఒక జర్నల్ పేపరు వేయాలి, సదస్సుల్లో రెండు పత్రాలు చదవాలి అని యూజీసీ 2016 నిబంధనల్లో పెట్టింది. దాంతో సదస్సులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 2022లో ఆ షరతు ఎత్తేశారు, సదస్సులు మాత్రం కదల్లేదు. గుర్తింపునిచ్చే నాక్‌కు చూపించడానికి కాలేజీకి అవి కావాలి, బయోడేటాలో రాసుకోవడానికి స్కాలర్‌కు కావాలి. ఫీజు కట్టిన స్కాలర్‌కు పది నిమిషాలిస్తారు, ఏడో నిమిషానికే సెషన్ చైర్ వాచీ చూసుకుంటాడు. సాయంత్రం శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో.

బహుమతి కొట్టిన ఆ పేపర్లో ఏముంటుంది? ఐటీ ఉద్యోగుల సంతృప్తి మీద నాయకత్వ శైలి ప్రభావం ఉంటుంది. అందుకొక గూగుల్ ఫామ్, ప్రశ్నకు ఐదేసి గడులు. "ప్లీజ్ రా, రెండు నిమిషాలే, నింపేసి మీ టీమ్‌కి కూడా ఫార్వర్డ్ చెయ్యి" అని బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్. నైట్ షిఫ్టు దిగి హైటెక్ సిటీ నుంచి క్యాబ్‌లో కునుకుతూ వెళ్తున్న కుర్రాడు ప్రశ్నలు చదవకుండా అన్నిటికీ నాలుగో గడి నొక్కేస్తాడు. వాడి స్నేహితుడు అన్నిటికీ రెండోది నొక్కుతాడు. ఇలాంటి నొక్కుళ్లు ఎక్కువయ్యేకొద్దీ క్రోన్‌బాక్ ఆల్ఫా తగ్గదు, పెరుగుతుంది! ప్రశ్నావళి నమ్మదగినదని చెప్పే ఆ అంకె చదవకుండా నింపినవాళ్ల పుణ్యాన 0.7 దాటుతుంది, స్కాలర్ ఊపిరి పీల్చుకుంటాడు. సాఫ్ట్‌వేర్ బాణాల బొమ్మ గీసిపెడుతుంది, హైపోథెసిస్‌లన్నీ నిలబడతాయి, హాల్లో చప్పట్లు. ఆ కుర్రాడి పక్కన ఒక్క షిఫ్టు కూర్చున్నవాడు మాత్రం హాలు మొత్తం వెతికినా దొరకడు.

పని జరిగే చోట కూర్చున్నవాళ్లు లేకపోలేదు. షికాగో యూనివర్సిటీలో డాక్టరేట్ చేసిన డొనాల్డ్ రాయ్ 1944–45లో ఒక మెషిన్ షాపులో డ్రిల్ ఆపరేటర్‌గా దాదాపు పదకొండు నెలలు పనిచేశాడు. తన ఉత్పత్తి లెక్క తనే రాసుకున్నాడు. చేయగలిగిన కార్మికుడు కూడా ఒక అంకె దగ్గర చెయ్యి ఎందుకు ఆపేస్తాడో అలా అర్థమైంది: ఎక్కువ తీస్తే కంపెనీ పీస్ రేటు కోసేస్తుందని భయం. ముప్పై ఏళ్ల తర్వాత అదే యూనివర్సిటీ విద్యార్థి మైకేల్ బురవోయ్ మెషిన్ ఆపరేటర్‌గా చేరాడు. తీరా చూస్తే రాయ్ పనిచేసిన ప్లాంటు అదే. ఆ పరిశోధనే 1979లో 'మాన్యుఫాక్చరింగ్ కన్సెంట్' పుస్తకంగా వచ్చింది. వాళ్లు సోషియాలజీ వాళ్లు కదండీ అని మనవాళ్లు తప్పించుకుంటారు. సంస్థల అధ్యయనంలో నిలిచిపోయిన పనిలో ఎంత భాగం అక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియనిదా? మన సెషన్ చైర్ అయితే రాయ్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: "మీ శాంపిల్ సైజెంత?"

విదేశాల్లో అంతా సవ్యంగా ఉందని నేననను. జోయే జియానీ పీహెచ్‌డీ విద్యార్థిగా ఉన్నప్పుడు, అప్పటి హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాంచెస్కా జీనో సహరచయితగా 2014లో వచ్చిన ఒక వ్యాసం ఫలితాలను శంకించింది. థీసిస్‌లోంచి ఆ విమర్శ తీసేస్తేనే సంతకం పెడతామని కమిటీలో కొందరు పట్టుబట్టారని తర్వాత ఆమే రాసింది. ఆ శంకే పరిశోధనల డేటాను తనిఖీ చేసే డేటా కొలాడా బ్లాగు బృందం దాకా వెళ్లింది. 2023లో వాళ్లు తమ పరిశీలన ప్రచురించారు, 2025లో హార్వర్డ్ జీనో టెన్యూర్ రద్దు చేసింది. తాను ఏ తప్పూ చేయలేదని జీనో అంటోంది, అది వేరే సంగతి. జియానీ తీసేయాల్సి వచ్చిన ఆ పేజీలకు ఏ పోటీలో బహుమతి వచ్చేది?

చిన్న ఊరి స్కాలర్‌కు గుర్తింపు వచ్చే దారి పోటీలే కదా అంటారా? అయితే ఆ దారి సరిగ్గా వేయండి. ఆర్గనైజేషన్ సైన్స్ జర్నల్ పేరిట ఇన్‌ఫార్మ్స్ సంస్థ ఒక పోటీ నడుపుతోంది. అక్కడ తూచేది పూర్తయిన థీసిస్‌ను కాదు, ప్రతిపాదనను. ఫలితమింకా చేతికి రాలేదు కాబట్టి దాన్ని వంచే అవసరమూ ఉండదు. బయటి నుంచి కాపీ కొట్టాల్సింది ఉంటే ఇదొక్కటే. ఇక మన పోటీల్లో, జడ్జీల్లో ఒకరు పరిశోధన జరిగే చోట పనిచేస్తున్నవాళ్లు కావాలి. ఓడిన ప్రతి స్కాలర్‌కూ ఎందుకు ఓడాడో రాసివ్వాలి. ఫీజు మాట ఎత్తకూడదు.

పరిశోధించాల్సింది మన చుట్టూనే ఉంది. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై జనం ప్రాణాలు పోయాయి. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో యాభైమందికి పైగా చనిపోయారు. షాప్ ఫ్లోర్ మీద మొదట తేడా కనిపెట్టేదెవరు, ఆ మాట ఏ మెట్టు దగ్గర ఆగిపోతుంది, ఎవరికి భయపడి ఆగిపోతుంది? సంస్థల అధ్యయనమంటూ ఒకటుంటే అది అడగాల్సినవి ఈ ప్రశ్నలు. గూగుల్ ఫామ్‌లో ఐదు గడులు పెట్టి అడిగితే సూపర్‌వైజర్ పక్కన నిలబడ్డ కాంట్రాక్టు కార్మికుడు నిజం చెబుతాడా?

వచ్చే సదస్సుకు బ్రోషర్ వేయిస్తున్న హెచ్‌వోడీలకు ఒక్క మాట. ఈసారి బెస్ట్ పేపర్ అవార్డు తీసేయండి. శాలువాలకూ మెమెంటోలకూ పెట్టే డబ్బుతో ఒక్క స్కాలర్‌ను మూడు నెలలు పాశమైలారంలో ఉంచండి.