వెండి నాణెములు – మన మిథ్యాభిమానము

మన సభలలో రెండు మాటలు తఱచుగా వినవచ్చుచున్నవి. నాణెము ముద్రించు విద్య మనకు యవనులు పెట్టిన భిక్ష యని కొందఱందురు. మనము పరులయొద్ద గ్రహించిన దేదియు లేదని మఱికొందఱు బల్ల గ్రుద్ది చెప్పుదురు. ఈ రెండును అసత్యములే యని మేము నిర్మొగమాటముగా చెప్పుచున్నాము.

ఏథెన్సు వెండి నాణెముపై ఒకవైపు ఎథీనా దేవి శిరస్సు, వేఱొకవైపు ఆమె గుడ్లగూబ. అలెగ్జాండరు నాణెముపై సింహచర్మమును తలదాల్చిన హెరాక్లీసు, వెనుకవైపు గ్రద్దను చేతనిడుకొని పీఠమెక్కిన జ్యూసు. వాని సౌందర్యమును కాదనువాడు అరసికుడు. కాని అలెగ్జాండరు రాకకు మునుపే సూర్యుడు, ఏనుగు మొదలగు గుర్తులు గ్రుద్దిన వెండి నాణెములు మన దేశమున చెలామణిలో నుండెను. ఇక భిక్ష మాట యెక్కడిది?

అంతియే కాదు. క్రీ. పూ. 2వ శతాబ్దమున అగథోక్లీసు అను యవనరాజు తన వెండి నాణెములపై నాగలి దాల్చిన సంకర్షణుని, శంఖచక్రధరుడగు వాసుదేవుని నిలిపి, బ్రాహ్మీలిపిలో తన పేరు వ్రాయించెను. ఇట్టివి 6 నాణెములు 1970లో ఆఫ్గనిస్థానమందలి ఐ ఖానుమ్‌లో దొరకినవి. దాత యనుకొన్నవాడే గ్రహీత యయ్యెను.

ఇక రెండవ పక్షము. క్షత్రపుడైన నహపానుని వెండి నాణెములపై రాజముఖమును, దాని చుట్టును గ్రీకు అక్షరములును కలవు. అది యవనుల బాణీయే. గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణెములపైననే తన ముద్ర వేయించెను. 1906లో నాసిక్కు ప్రాంతమున జోగల్‌తెంబిలో దొరకిన 13,000కు పైబడిన నాణెములలో అధికభాగ మట్టివే. తరువాతి శాతవాహనులు ఆ ముఖపు బాణీనే చేకొని, ఒకవైపు ప్రాకృతమును, వేఱొకవైపు ద్రావిడ భాషను చెక్కించిరి. పగవాని తీరు గ్రహించుటకు వారు సిగ్గుపడలేదు. మనకేల సిగ్గు?

ఆ ద్రావిడ భాష తెలుగా, తమిళమా యని కలహించుట మఱియొక వేడుక. అందలి ‘కు’ ప్రత్యయము ఇరువురకును ఉమ్మడి సొత్తు. ఒకే వీధిలో కాపురముండు ఇరుభాషలవారము ఒక్క నాణెమున కలిసియుండుటకు ఏల జంకవలెను?

పురసవాక్కమునకు ఎగ్మూరు ఎంత దూరము? 1851లో నెలకొన్న అచ్చటి మ్యూజియమున ప్రాచీన నాణెములను మనలో ఎందఱు చూచిరి? నిధి దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. అయినను పొలమున దొరకిన నాణెము కుంపటిలో కరగిపోవునేని, వేదికపై పూర్వవైభవమును కీర్తించి ఫలమేమి? పిల్లలను వెంటబెట్టుకొని పోయి ముందు చూడుడు, పిదప గర్వింపుడు.