చేదంటే మొహం తిప్పుకునేవాళ్ళకు

మొన్న మధ్యాహ్నం నేను డబ్బా తెరిస్తే పక్కన కూర్చున్న అమ్మాయి ముక్కు మూసుకుంది. "ఏమే, మేకల మేత తెచ్చుకున్నావా?" అంది. డబ్బాలో ఉన్నది రాగిసంగటి, ఉస్తికాయ పులుసు. అందరూ నవ్వినారు. నేనూ సిగ్గుపడి సగం పారేసినాను. అట్ల పారేసినందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

వేపాకు మీద వేమన చెప్పిన పద్యం మనలో ఎవరికి రాదు? పోటీల్లో చెప్పి బహుమతులు కూడా తెచ్చుకుంటాం. వేపపువ్వు మాత్రం ఏడాదికి ఒక్కసారి, ఉగాదినాడు. అదీ చిటికెడు పువ్వు, గుప్పెడు బెల్లంలో దాచిపెట్టి. పైన కష్టసుఖాల గురించి ఒక ఉపన్యాసం. చేదును అర్థాలు చెప్పడానికి వాడుకుంటున్నాం గానీ తినడానికి కాదు.

మా అవ్వది హోసూరు పక్క పల్లె. గట్టు మీద ఉస్తికాయలు కోసుకొచ్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచుతుంది. గింజలు పోయేదాకా రెండు మూడు నీళ్ళలో కడిగి, నూనెలో బాగా మగ్గనిచ్చి, చింతపండు పులుసు పోసి దగ్గరపడేదాకా ఉడికిస్తుంది. కాయలు ఎక్కువ దొరికితే ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండబెడుతుంది. వానాకాలంలో వాటిని వేయించి పెరుగన్నంలో నంజుకుంటే చానా బాగుంటుంది. ఇంత చేసినా చేదు పూర్తిగా పోదు. పోవాలని ఆమె చూడదు కూడా. "కొంచెం మిగిలితేనే కదా అది ఉస్తికాయ" అంటుంది.

చిన్నప్పుడు నేను ఉమ్మేసినాను. ఆమె తిట్టలేదు, బలవంతపెట్టలేదు. చేసిన ప్రతిసారీ ఒక్క కాయ మాత్రం నా కంచంలో వేసేది. ఎన్నోసారికో గానీ రెండోది నేనే అడిగినాను.

"పిల్లలు తినరు" అనే అమ్మానాన్నలను ఒకటి అడుగుతాను. ఎన్నిసార్లు పెట్టి చూసినారు? మీరు పొద్దున్నే తాగే కాఫీ డికాక్షను పుట్టినప్పటి నుంచీ మీకు తియ్యగా ఉండేదా? నేర్చుకున్నారు కదా. మాకెందుకు నేర్పరు?

చేదంతా మంచిదే అని నేను అనడం లేదు. చెట్లు తమను తినకుండా కాపాడుకోవడానికే చాలావరకు చేదును దాచుకుంటాయి. సొరకాయ చేదుగా ఉంటే అవ్వ ఒక్క ముక్క కూడా ఉంచదు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఏ చేదు కూర, ఏ చేదు విషం అన్నది తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చూపిస్తేనే వస్తుంది. ఫోనులో బొమ్మ చూసి నేర్చుకునేది కాదు.

డెంగీ వచ్చినప్పుడు తమిళనాడు ప్రభుత్వం నిలవేంబు కషాయం పంచింది. అందులో ముఖ్యమైనది మన నేలవేమే. శొంఠి, మిరియాలు, వట్టివేరు కూడా ఉంటాయి. డెంగీ దాంతోనే పోతుందని నేను చెప్పను, జ్వరమొస్తే ఆసుపత్రికే పోవాలి. నా బాధ వేరే. లోటాతో తాగినవాళ్ళం, అది మన గట్ల మీద మొలిచే మొక్కేనని గుర్తుపట్టలేదు.

సంతలో ఉస్తికాయ సుండక్కాయ్ అయింది, కామంచి మణత్తక్కాళి అయింది. తమిళం పేరు తెలియడం తప్పు కాదు, నాకు రెండూ కావాలి. కానీ నోరు పూసినప్పుడు కామంచాకు పప్పు చేసిపెట్టే అవ్వలు పోతే, తెలుగు పేరు పలికేదెవరు? తెలుగు బడిలో చదువుతున్నామని చెప్పుకునే మనకు ఆ పేర్లు పరీక్షలో రావు కాబట్టి అక్కర్లేదా?

మా చేని పక్కన ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు నాటినారు. అటువైపు గట్టుకు కలుపుమందు కొట్టినారు, ఆ పక్క కాయలు మేం ముట్టుకోం. ఇటువైపు రెండే పొదలు మిగిలినాయి. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, అంతదూరం రాలేదు. ఇప్పుడు కోసేది నేనే. సోమవారం డబ్బాలో మళ్ళా అదే పులుసు తెస్తాను. ఆ అమ్మాయికి ఒక్క కాయ పెడతాను.