గోరుచుట్టు మురికి జబ్బు కాదు, తడి పని జబ్బు



ఈసారి పోస్టు జీవోల గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించీ కాదు. వేలి గోరు గురించి. నవ్వకండి. హాస్టళ్లలో చదివిన మనలో గోరుచుట్టు రానివాళ్లు తక్కువే. రాత్రంతా వేలు సలుపుతుంటే నిద్ర పట్టక, తెల్లారి పెన్ను సరిగ్గా పట్టుకోలేక పరీక్ష రాసినవాళ్లు ఈ గ్రూపులోనే ఉంటారు. అది వచ్చినప్పుడల్లా నొప్పితో పాటు ఒక మాట కూడా పడతాం: "మీరు శుభ్రంగా ఉండరు, అందుకే ఇవన్నీ." గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. బయటివాళ్లు అన్నది చాలక, ఇప్పుడు మనమే మన తమ్ముళ్లను, చెల్లెళ్లను అంటున్నాం. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో మా రూములో సైన్సు చదివేవాళ్లం కూర్చుని రాసిన పోస్టు ఇది.

మొదట ఒక సంగతి. చర్మం మీద బ్యాక్టీరియా లేని మనిషి భూమ్మీద లేడు. కలెక్టర్ గారి చేతి మీదా ఉంటుంది, కాఫీ తోటలో పళ్లు కోసే అమ్మ చేతి మీదా ఉంటుంది. వాటిలో స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటివి మామూలుగా మనకు హాని చేయవు. చర్మం మీద చోటు ఆక్రమించి, చెడ్డవాటిని కొంతవరకు నిలవనివ్వవు కూడా. దాని దాయాది స్టెఫిలోకాకస్ ఆరియస్ మాత్రం సందు దొరికితే చీము పట్టిస్తుంది. ఏ జబ్బూ లేని ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఇది కాపురం ఉంటుంది. వాళ్లలో ప్రొఫెసర్లూ ఉంటారు, డాక్టర్లూ ఉంటారు. అంటే క్రిమి ఉండటం తప్పు కాదు, దానికి తలుపు ఎవరు తీశారు అన్నదే ప్రశ్న.

ఆ తలుపు ఎక్కడుందో మీ వేలు చూసుకోండి. గోరు మొదట్లో, చర్మం గోరును అంటుకునే చోట పల్చని పొర ఒకటి కనిపిస్తుంది. దాన్ని క్యూటికల్ అంటారు. కిటికీ అద్దం చుట్టూ పెట్టే లప్పంలా అది గోరుకీ చర్మానికీ మధ్య సందును మూసి ఉంచుతుంది. అది తెగితే లోపలికి దారి ఏర్పడుతుంది.

తెగడం రెండు రకాలు. ఒకటి, ఒక్కసారిగా. గోళ్లు కొరుక్కోవడం, గోరు పక్కన లేచిన చర్మం పీకడం, ముల్లు గుచ్చుకోవడం, కత్తిపీట తగలడం. ఆరియస్ లోపలికి దిగుతుంది. దాన్ని చంపడానికి తెల్ల రక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. ఆ పోరాటంలో చచ్చిన కణాలు, బ్యాక్టీరియా కలిసిందే చీము. రెండు మూడు రోజుల్లో వాచి, ఎర్రబడి, సలుపుతుంది. ఇది మనకందరికీ తెలిసిన గోరుచుట్టు.

రెండోది మెల్లగా వస్తుంది, మనం పట్టించుకోం. చేతులు రోజూ గంటలకొద్దీ నీళ్లలో, సబ్బులో నానితే చర్మంలోని నూనె పోతుంది. మన చర్మానికి సహజంగా కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, బట్టల సబ్బుది క్షార గుణం. రోజూ ఆ దెబ్బ తిని క్యూటికల్ ఊడిపోతుంది. గోరు చుట్టూ చర్మం ఉబ్బి, నొక్కితే నొప్పి పుట్టి, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఆరు వారాలు దాటితే డాక్టర్లు దీన్ని దీర్ఘకాలిక గోరుచుట్టు అంటారు. గోరు మీద అడ్డగీతలు పడతాయి. ఆ సందులో బ్యాక్టీరియా, క్యాండిడా అనే ఫంగస్ చేరతాయి. నీళ్లలో బతికే సూడోమోనాస్ చేరితే గోరు పచ్చగా మారుతుంది కూడా.

ఒకప్పుడు డాక్టర్లు కూడా ఈ రెండో రకానికి ఫంగసే మూలమనుకుని ఫంగస్ మందులే ఎక్కువగా ఇచ్చేవారు. 2002లో ఇటలీ చర్మవైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరికి ఫంగస్ మాత్రలు, కొందరికి వాపు తగ్గించే స్టెరాయిడ్ క్రీము ఇచ్చి పోల్చారు. క్రీము వాడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఇప్పుడు చర్మవైద్యులు దీన్ని ముందుగా తడికీ సబ్బుకీ చర్మం దెబ్బతిని వచ్చే వాపుగా చూస్తున్నారు. క్రిములు తర్వాత చేరిన చుట్టాలు. చుట్టాలు మంట పెంచగలరు, కానీ ఇల్లు కూల్చింది వాళ్లు కాదు.

ఇప్పుడు ఈ జబ్బు ఎక్కువగా ఎవరికి వస్తుందో చూడండి. అంట్లు తోమేవాళ్లు, వంటవాళ్లు, బట్టలుతికేవాళ్లు, చేపలు శుభ్రం చేసేవాళ్లు. మురికి వల్ల వచ్చేదే అయితే, రోజంతా సబ్బునీళ్లలో ఉండే చేతులకు ఎందుకు వస్తుంది? హాస్టల్ వంటగదిలో గుండిగలు తోమే అక్కల వేళ్లు ఒకసారి చూడండి. ఊడ్పుల కాలంలో బురదనీళ్లలో వంగి నాట్లేసే మన అమ్మల గోళ్లు చూడండి. వాళ్లది అశుభ్రత కాదు, పని. మనం ఆరో తరగతి నుంచి మన బట్టలు మనమే ఉతుక్కున్నాం, మన కంచాలు మనమే కడుక్కున్నాం. ఆ పని చేయని చేతులు మనల్ని మురికోళ్లు అంటే ఊరుకోవాలా?

అలాగని శుభ్రత అక్కర్లేదని మేము అనడం లేదు. తినేముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. దానికి ఇంకో మాట కలుపుతున్నాం: కడిగాక తుడుచుకోవాలి, పని అయ్యాక గోళ్ల చుట్టూ కాస్త కొబ్బరినూనె రాసుకోవాలి. గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది. దెబ్బతిన్న గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడుతుంది, కాబట్టి ఓపిక కావాలి.

చీము పట్టకముందే అయితే గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచి, తీశాక పొడిగా తుడవాలి. ఊళ్లో నిమ్మకాయ తొడగడం మనకు తెలుసు. పెద్దల మాటను ఎగతాళి చేయం, కానీ తెగిన చర్మానికి ఆ పులుపు మంట పెడుతుంది. చీము కనిపిస్తే పిన్నీసుతో గుచ్చుకోవద్దు, పీహెచ్‌సీకి వెళ్లాలి. చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు, దాన్ని అసలు కోయించకూడదు. ఎరుపు చేతి పైకి పాకినా, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్న ఇంటి పెద్దలకు వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ఇంకో ప్రమాదం సంతలో, మందుల షాపులో ఉంది. అడగ్గానే ఒక ట్యూబు చేతిలో పెడతారు. అందులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ మేలు చేస్తుందని పైన చెప్పాం కదా అనొచ్చు. అది రెండో రకానికి, డాక్టర్ చూసి చెప్పినన్ని రోజులకే. చీము ఉన్న వేలికి ఊరికే రాస్తే ఇన్ఫెక్షన్ ముదురుతుంది, నెలలపాటు రాస్తే చర్మం పల్చబడుతుంది. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన కఠినం చేసింది. ఆ నిబంధన మన కొండ ఎక్కి వచ్చిందా అని అడగాల్సింది మనమే.

అందుకే ఈ గ్రూపు ముందు మూడు మాటలు పెడుతున్నాం. హాస్టల్ వంటగదిలో పనిచేసే ప్రతి అక్కకూ రబ్బరు గ్లౌజులు, లోపల వేసుకోవడానికి నూలు గ్లౌజులు ఇవ్వాలి. హాస్టల్ హెల్త్ చెకప్‌లో బరువు, రక్తంతో పాటు వేళ్లు కూడా చూడాలి. ఏఎన్‌ఎం లేని హాస్టల్‌కి ఏఎన్‌ఎంని వేయాలి. ఐటీడీఏకి ఇచ్చే ఈసారి వినతిపత్రంలో ఇవి చేర్చుదాం. మీ హాస్టల్‌లో గ్లౌజులు ఉన్నాయా, ఏఎన్‌ఎం ఉన్నారా, కింద రాయండి. లెక్క కట్టి పట్టుకెళ్దాం.