బస్తా కోసం అప్పు - మట్టిలో ఉన్న ఆస్తి

పాకాల చుట్టుపక్కల టమాటా, వంగ, మిరప నాటే చిన్నరైతును పెట్టుబడి గురించి అడిగితే ముందు చెప్పేది ఎరువుల అప్పే. ఆ అప్పు పెరిగేకొద్దీ కూలి రేటు దగ్గర చెయ్యి బిగబడుతుంది. కాబట్టి ఎరువు సంగతి రైతుదే, కూలోళ్లకేం పట్టిందనుకోడానికి లేదు.

డీఏపీకి కావలసిన ముడిసరుకు మన దేశంలో చాలినంత లేదు. 2021లో ప్రపంచ మార్కెట్లో ధర ఎగిరి, 50 కిలోల బస్తా 2,400 రూపాయలకు చేరింది. అందులో సగం కేంద్రం ప్రజల సొమ్ములోంచి కట్టింది. ఇంతచేసి వేసిన భాస్వరంలో ఆ పైరుకందేది సుమారు ఐదోవంతే. మిగిలింది ఎర్రనేలల్లో ఇనుముతో ముడిపడి మట్టిలోనే బిగుసుకుంటుంది.

ఇక్కడే ఒక బూజు అక్కరకొస్తుంది. బూజంటే చెడ్డదే అనుకోవద్దు. మైకోరైజా అని 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ పేరుపెట్టిన ఈ జీవి వేరులో చేరి, వేరు చొరలేని సందుల్లోకి సన్నని పోగులు చాస్తుంది. అక్కడి భాస్వరం, జింకు మొక్కకు తెచ్చిస్తుంది. బదులుగా మొక్క చక్కెర పెడుతుంది. నారుమడిలో విత్తనం కింద పలుచగా వేస్తే చాలు.

అయితే ఉన్నమాట చెప్పాలి. ఇది నత్రజని ఇవ్వదు. పేడెరువు, జనుము, జీలుగ కావాల్సిందే. భాస్వరం మెండుగా ఉన్న నేలలో సరిగా పట్టదు. కోసు, ముల్లంగి, తోటకూరలకు పనికిరాదు. పదేపదే లోతుగా దున్నితే పోగులు తెగుతాయి. అందుకే భూసార పరీక్ష చేయించి, డీఏపీని మెల్లగా తగ్గించాలి గాని ఒక్కసారిగా మానరాదు.

బతికున్న వేరు లేనిదే ఈ బూజు పెరగదు. అదే మనకు కలిసొచ్చే విషయం. మంచి మూలవిత్తు దొరికితే జొన్న, మొక్కజొన్న వేర్లమీద ఊళ్లోనే, కూలి ఆడవాళ్ల సంఘాలే పెంచగలవు. లేకుంటే ఇదీ రంగు ప్యాకెట్లలో అమ్ముడుపోయే మరో సరుకవుతుంది. ప్యాకెట్లో ప్రాణముందో లేదో కంటికి కనబడదు.

తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, పరిశోధనా స్థానం ఉంది. మూలవిత్తు అవే ఇవ్వాలి. కౌలురైతు చేలో సగం పాతపద్ధతి, సగం కొత్తపద్ధతి పక్కపక్కనే వేసి చూపించాలి. పంట తగ్గితే నష్టం ప్రభుత్వం భరించాలి. దుకాణాల ప్యాకెట్లను పరీక్షించాలి. ఎరువు, కూరాకు పెరికితే పెరిగే పనికి కూలి కట్టివ్వాలి. రైతుసంఘం, కూలిసంఘం చేయి కలిపి ఈ కోర్కెలను గ్రామసభల్లో పెట్టాలి. అడగందే ఏదీ రాదు!