పద్దెనిమిది నిండేదాకా
(మహానంది ప్రణాళిక)

ముహూర్తాల కాలమొస్తే మహానందిలో పెండ్లి మేళం ఆగదు. ఆ పీటల మీద తొమ్మిదో తరగతి పిల్ల, పక్కన ముప్పై ఏళ్ల మేనమామ కూర్చునే రోజులు పోవాలని ఈ మండలపు తల్లులం, టీచర్లం, అంగన్‌వాడీ కార్యకర్తలం ఒక్కటయ్యాం. చిన్నపిల్లల పెండ్లిళ్లను ఎండగట్టిన ‘కన్యాశుల్కం’ నాటకం తొలిసారి ఆడింది 1892లో. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికీ ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయిపోయింది.

పిల్ల పెద్దమనిషైతే చాలు, ఆంక్షలన్నీ ఆమెకే. ఓణీ సర్దుకో, వాకిట్లో నిలబడకు, ట్యూషన్ మానెయ్. తినేసేలా చూసే నలభై ఏళ్ల మనిషిని ఎవరూ ఒక్క మాటనరు. ఇకమీదట మేం అతణ్ణే అడుగుతాం. ఒళ్లు ఎదిగినంత మాత్రాన పిల్ల పెద్దది కాదు.

లైంగిక సమ్మతి వయసు 1860లో పదేళ్లు, 1891లో పన్నెండు. 2012 పోక్సో చట్టంతో ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా అది పద్దెనిమిది. తాళి కట్టినా మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తేల్చేసింది. ‘పిల్లే ఒప్పుకుంది’ అనే మాట కోర్టులో చెల్లదు, మా దగ్గరా చెల్లదు. అయితే ఒకే ఈడు పిల్లలిద్దరి ప్రేమ మీద పెద్దలు కక్ష తీర్చుకోవడానికి ఈ చట్టాన్ని వాడితే మేం ఆ పెద్దల వెంట నిలబడం.

పిల్లల మీద కన్నేసేవాణ్ణి చూసి ‘పాపం, అదో జబ్బు’ అని సర్దిచెప్పేవాళ్లున్నారు. మానసిక వైద్యం రుగ్మతగా గుర్తించింది ఈడురాని పసివాళ్ల మీది కోరికను. ఈడొస్తున్న పిల్లల మీది ఆకర్షణనూ అందులో చేర్చాలని కొందరు పట్టుబట్టినా, 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలో దానికి చోటు దక్కలేదు. కాబట్టి జబ్బు చాటున దాక్కునే వీల్లేదు. అలాంటి తలపులు తనను వదలడం లేదని భయపడే మనిషి, ఏ బిడ్డ జోలికీ పోకముందే డాక్టరును కలవాలి, మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కు ఫోన్ చేయాలి. సాయం కోరి వచ్చినవాణ్ణి మేం వెలివేయం. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి 2005 నుంచి ఇలాంటివాళ్లకు గుట్టుగా చికిత్స చేస్తోంది. మన జిల్లా ఆసుపత్రిలోనూ ఆ వసతి కావాలి. బిడ్డ మీద చేయి పడ్డాక మాత్రం రచ్చబండ రాజీ ఉండదు. తెలిసీ చెప్పకపోవడం పోక్సో కింద నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి వెంటనే ఫోన్ చేస్తాం, తప్పు చేసినవాడు మా ఇంటివాడైనా సరే.

మొదటి పనిగా ఈ మాఘమాసం ముహూర్తాలకు ముందే పురోహితులను, కల్యాణమండపాల వాళ్లను, మేళగాళ్లను, వంటవాళ్లను కలుస్తాం. వయసుకు ఆధార్ కార్డు చాలదు. బడి రికార్డో, పదో తరగతి మార్కుల జాబితానో చూశాకే బయానా తీసుకోవాలని చెబుతాం. బాల్యవివాహం జరిపినా, అందుకు తోడ్పడినా 2006 చట్టం కింద రెండేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా అని చదివి వినిపించి, ప్రతి ఒక్కరి దగ్గరా సంతకం తీసుకుంటాం.